కాయల కల్లంలో కారు

మా మేనత్త తన కారును నాకు ఊరికే ఇవ్వలేదు. షరతు పెట్టి ఇచ్చింది.

"బాగు చేయించుకుంటే నీదే. కానీ బండి నడిచిన రోజున ముందు నేను నడపాల. అదీ మా కల్లంలో, కాయలు ఎండబోసి ఉండగా నడపాల. ఆ తర్వాత నువ్వు దాన్నేసుకుని కాశీకి పోతావో రామేశ్వరం పోతావో నీ ఇష్టం."

కాయలంటే మిరపకాయలు. మా పల్నాట్లో ఆ మాటకు ఇంకో అర్థం చెప్పనక్కర్లేదు. అత్తకు డెబ్భై ఆరేళ్లు. ఎడమ మోకాలు అరిగిపోయి మెట్టు ఎక్కాలంటే గోడ పట్టుకుంటుంది. అటువంటి మనిషి కారు నడుపుతానంటే నవ్వాలి. నేను నవ్వలేదు. ఎందుకంటే ఆ షరతు వెనకున్న కథ మా చుట్టాల్లో తెలియనివాళ్లు లేరు.

అత్త కొత్త కోడలుగా ఉన్న రోజుల్లో, అంటే యాభై ఏళ్ల కిందట, మావయ్య ఒక మంచి పంట చూసి ఈ కారు కొన్నాడు. పెళ్లాం మీద ప్రేమో, కొత్త బండి మీద ముచ్చటో, రోజూ పొద్దున్నే ఆమెను కల్లానికి తీసుకెళ్లి డ్రైవింగు నేర్పడం మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి చక్కగా నడుపుతోందట. ఎనిమిదో రోజున, మావయ్య వాళ్ల అన్నగారు కల్లంలోకి అడుగుపెట్టిన సమయానికి, కారు ఒక్క దూకు దూకి ఎండబోసిన కాయల మీదకు పోయింది. సగం కల్లం కాయ నుగ్గునుగ్గయి గింజలు బయటపడ్డాయి. ఆ అన్నగారు, అంటే మా అత్తకు బావగారు, కూలీలందరి ముందూ ఒకే మాట అన్నాడు: "ఆడాళ్ల చేతికి బండిస్తే ఇంతే." అత్త మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు.

అక్కడితో పోతే బాగుండేది. ఊరు దాన్ని సామెత చేసుకుంది. పెళ్లి విందులో పులుసు ఉప్పుకషాయమైతే "కాయల మీద కారెక్కినట్టుంది" అంటారు. పరీక్ష పోయి ఇంటికొచ్చినవాణ్ని "ఏరా, కాయల మీద కారెక్కిందా?" అని పలకరిస్తారు. ఇప్పటి పిల్లలకు ఆ మాట ఎక్కడ పుట్టిందో కూడా తెలియదు. వాళ్లు అంటూనే ఉంటారు, మా అత్త వింటూనే ఉంటుంది. ఒకసారి టీవీలో మ్యాచ్ ఓడిపోతే ఎవరో ఆమె ఎదుటే అనేశారు. అత్త లేచి వంటింట్లోకి వెళ్లి, కలపనక్కర్లేని పాలను చాలాసేపు కలిపింది. నాకు ఆ రోజు వాళ్లందరి మీదా ఒళ్లు మండింది.

నేను నరసరావుపేటలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇరవై ఏళ్లుగా ఘర్షణ, టార్కు అంటూ బోర్డు మీద బొమ్మలు గీశానే తప్ప ఒక నట్టు విప్పిన పాపాన పోలేదు. యాభయ్యో ఏట ఆ సరదా పుట్టింది. పుట్టిన సరదాను చంపుకోవడం నా వల్ల కాదు.

కారు ఏ కంపెనీదో చెప్పను. చెబితే ఎంతకిస్తావంటూ బయల్దేరేవాళ్లున్నారు. గుండ్రటి ముక్కు, బెంచీలాంటి ముందు సీటు, స్టీరింగు పక్కనే గేరు కర్ర. మావయ్య పోయాక దాన్ని రేకుల కొట్టంలోకి తోసేశారు. ఆ కొట్టం కాయల బస్తాలు దాచే చోటు. ఇరవై ఏళ్లు ఆ బస్తాలను కారు మీద పేర్చారు, సీట్ల మీద పేర్చారు, డిక్కీలో కుక్కారు. ఒక కోడి దాని ముందు సీట్లో రెండుసార్లు పిల్లల్ని లేపిందని అత్త గొప్పగా చెబుతుంది.

కారంపూడి దగ్గరున్న అత్త వాళ్ల ఊరి నుంచి లారీ మీద తెచ్చి మా ఇంటి ముందు దించితే, మా ఆయన గేటు దగ్గర నిలబడి చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది కారా, కాయల బస్తాకి చక్రాలు బిగించారా?"

నేను జవాబు చెప్పే లోపలే ఆయన తుమ్మాడు. వరసగా పదకొండు తుమ్ములు తుమ్మి లోపలికి వెళ్లిపోయాడు.

మొదటి ఆదివారం తలుపులన్నీ తీసి పైపుతో నీళ్లు కొట్టాను. అంతకన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఇరవై ఏళ్ల కారం తడిసి ఒక్కసారిగా ఘాటు లేచింది. వీధిలో వెళుతున్న వాళ్లు ముక్కులు మూసుకున్నారు. పక్కింటి పిన్నిగారు కొంగు అడ్డం పెట్టుకుని గోడ మీంచి తొంగి చూసింది.

"ఏంది అమ్మాయ్, కారుకి దిష్టి తీస్తన్నావా?"

మేస్త్రీ దొరకడమే నా అదృష్టం. స్టేషను రోడ్డులో నలభై ఏళ్లు షెడ్డు నడిపి, మోకాళ్లు సహకరించక మానేసిన పెద్దాయన. ఇప్పటి బండ్లను కంప్యూటరు తగిలించి చూస్తారంటే ఆయనకు చిరాకు. "బండిని చెవుల్తో చూడాలమ్మా" అనేవాడు. పని నేను చేయాలి, కుర్చీలో కూర్చుని ఆయన చెప్పాలి, అదీ మా ఒప్పందం.

ఆ చలికాలమే మోకాలి వైద్యానికని అత్త మా ఇంటికొచ్చింది. మేస్త్రీ పక్కన ఇంకో కుర్చీ వేయించుకుంది. ఇద్దరు పర్యవేక్షకుల మధ్య కారు కింద దూరిన నా అవస్థ పగవాళ్లకు కూడా వద్దు. పైగా తుమ్ముల గొడవ ఒకటి. పని మొదలెట్టేటప్పుడు ఎవరన్నా తుమ్మితే కాసేపు కూర్చుని, గుక్కెడు మంచినీళ్లు తాగి లేవాలన్నది మనందరికీ తెలిసిన శాస్త్రమే. కారం నిండిన కారు దగ్గర ఆ శాస్త్రం పాటిస్తే పని సాగుతుందా? నేను పానా పట్టుకుంటాను, మేస్త్రీ తుమ్ముతాడు, అత్త "ఆగు, కూర్చో" అంటుంది. కూర్చుంటాను. లేస్తాను, ఈసారి నేనే తుమ్ముతాను. ఒక ఆదివారం పొద్దున ఎనిమిదికి మొదలెట్టిన మేము పదకొండింటికి గానీ బానెట్టు ఎత్తలేదు. మేస్త్రీకి మాత్రం ఆ పద్ధతి నచ్చింది. నీళ్లతో పాటు టీ కూడా వస్తోందిగా.

అయినా పని నడిచింది. పెట్రోలు ట్యాంకు విప్పి, లోపల గుప్పెడు బోల్టులు వేసి, డీజిలు పోసి, నేనూ మా ఆయనా చెరో వైపు పట్టుకుని చాట చెరిగినట్టు ఊపాం. ఎర్రటి తుప్పు బురదలా కారింది. మూడు ఆదివారాలు ఊపితే గానీ తెల్లటి డీజిలు రాలేదు. కార్బరేటరు విప్పితే అందులో మిరపగింజలు. ఎలుకలు చేర్చాయో, కాపురమే పెట్టాయో తెలియదు. సన్నటి రాగితీగతో ఒక్కొక్క రంధ్రం శుభ్రం చేస్తుంటే, చిన్నప్పుడు అమ్మ నా చెవిలో గులిమి తీసిన ఓపిక గుర్తొచ్చింది. ముందు సీటు కోడి గారి పుణ్యమా అని పనికిరాకుండా పోయింది. కొత్త కొబ్బరిపీచు నింపించి, మెరూన్ రంగు రెగ్జిన్ వేయించాం. వెనక సీటు స్ప్రింగులు బాగానే ఉన్నాయని దాన్ని అలాగే ఉంచేశాం.

రేడియేటరు కారుతోందని తేలిన రోజున అత్త కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్లి పసుపు డబ్బా తెచ్చింది.

"ఒక గుప్పెడు పొయ్యి. మీ మావ అట్టానే పోసేవాడు."

నేను నవ్వాను. ఫిజిక్స్ చదువుకున్నదాన్ని మరి. మేస్త్రీ నవ్వలేదు. డబ్బా అందుకుని రెండు చెంచాలు పోశాడు. పావుగంటలో కారడం ఆగింది. తర్వాత మాటు వేయించాం గానీ, ఆ రోజు అత్త నన్ను చూసిన చూపు మా కాలేజీ ప్రిన్సిపాల్ కూడా ఎన్నడూ చూడలేదు.

ఇంజను మొదటిసారి మేలుకున్నది ఒక శనివారం సాయంత్రం. ముందు దగ్గింది. తర్వాత నల్లటి పొగ ఊదింది. ఆ తర్వాత కుదురుకుని గుడగుడమంటూ తిరగడం మొదలెట్టింది. మేస్త్రీ కళ్లు మూసుకుని విని, "నాలుగూ కొడతన్నయ్యి" అన్నాడు. నాలుగు సిలిండర్లూ పనిచేస్తున్నాయని అర్థం. నేను సిగ్గు లేకుండా కేక పెట్టాను. మా ఆయన ఉప్మా ప్లేటుతో బయటికొచ్చి, నన్ను చూసి, ప్లేటు బానెట్టు మీద పెట్టి చప్పట్లు కొట్టాడు. అంత ఆనందం నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా కలగలేదు. ఇది నిజం.

ఇక మిగిలింది క్లచ్చి. ఈ పాత బండ్ల క్లచ్చి ఎడమ కాలితో గట్టిగా తొక్కి పట్టుకోవాలి. అత్తకు పాడైంది సరిగ్గా ఆ కాలే. డాక్టరు చెప్పిన వ్యాయామాలను పది రోజులకే మానేసిన మనిషి, క్లచ్చి కోసమని చెప్పేసరికి మా ఇంట్లోని పాత కుట్టుమిషను ముందు కూర్చుంది. దారం లేదు, గుడ్డ లేదు, ఊరికే తొక్కుడు. పొద్దున వంద, సాయంత్రం వంద. నెల తిరిగేసరికి గోడ పట్టుకోకుండా మెట్లు దిగింది. డాక్టరు తన మందు పనిచేసిందనుకున్నాడు. మేమూ కాదనలేదు.

అప్పుడు కారెక్కించాను. ఇంటి ముందు జాగా తక్కువ, ముందుకు పదడుగులు, వెనక్కు పదడుగులు. అయినా ఆ కాళ్లూ చేతులూ ఏదీ మరిచిపోలేదు. గేరు కర్రను ఆమె పట్టుకునే తీరు చూస్తే వేళ్లకు విడిగా జ్ఞాపకం ఉంటుందేమో అనిపించింది.

ఒక మధ్యాహ్నం అలాగే సాధన చేస్తున్నాం. అత్త క్లచ్చి తొక్కి ఫస్టు గేరు వేసి పట్టుకుంది. నేను పక్కన కూర్చున్నాను. నా ఫోను మోగింది. అత్త బావగారి కోడలు వీడియో కాల్ చేసింది, మోకాలు ఎట్టా ఉందో కనుక్కుందామని. "ఇదుగో, మావయ్య కూడా చూస్తారంట" అంటూ ఆ అమ్మాయి ఫోనును అటు తిప్పింది. తెర మీద తెల్లటి మీసాలతో ఎనభై ఎనిమిదేళ్ల ఆ బావగారు, మా పెద్ద మావయ్య, కనపడ్డాడు.

అత్త లేచి నిలబడింది.

కారులో నిలబడటమెక్కడ! తల పైకప్పుకు ఠంగుమని కొట్టుకుంది. ఎడమ కాలు క్లచ్చి మీంచి లేచింది, లేవడానికి ఊతంగా కుడి కాలు యాక్సిలేటరును తొక్కింది. కారు ఒక్క దూకు దూకి బట్టలుతికే బండను గుద్దుకుని ఆగిపోయింది. ఫోను నా చేతిలోంచి ఎగిరి వెనక సీట్లో పడింది. "హలో, హలో, ఏమైంది?" అంటూ అక్కణ్నుంచే అరుస్తోంది.

మా వైపు పాత కుటుంబాల్లో మరదలు బావగారి ఎదుట కూర్చోదు. ఆయన వసారాలోకొస్తే ఈమె లేచి పక్కకు నిలబడుతుంది. నేరుగా మాట్లాడదు, చెప్పాల్సింది పిల్లలకో గోడకో చెబుతుంది. ఇప్పటివాళ్లు ఇవన్నీ వదిలేశారు, అత్త మాత్రం వదల్లేదు. అదంతా నాకు తెలుసు. కానీ బండకు ఆనుకుని ఆగిన ఆ కారులో, తల రుద్దుకుంటున్న అత్తను చూసేసరికి నా బుర్రలో ఏదో వెలిగింది.

"అత్తా, అప్పుడూ ఇంతేనా?"

ఆమె స్టీరింగు మీది దుమ్మును కొంగుతో తుడిచింది.

"ఇంతే. క్లచ్చి తొక్కి పట్టుకుని ఉన్నా. బావగారు కల్లంలోకి వస్తన్నారు. కూర్చుని ఎట్టా ఉండేది? లేచా."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? మిమ్మల్ని చూసి లేచా, అందుకే కాయలు పోయినయ్యి అంటే ఆయన మీదకి తోసినట్టు గాదా? నడపటం రాదనుకున్నారు. అనుకోనీలే అనుకున్నా. మీ మావకి తెలుసు. ఆ రోజు చానాసేపు నవ్వాడు."

నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఒక ఊరు ఊరంతా యాభై ఏళ్లు నవ్వుకున్నది ఆమె మర్యాదను చూసి. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు.

"ఎవురికీ చెప్పమాక" అంది అత్త.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ నా చిన్నప్పుడే తేల్చింది. కాయల కోతలయ్యాక, ముహూర్తం అనుకుందామని అత్త వాళ్ల ఊరు వెళ్లాను. పెద్ద మావయ్య అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. రెండు నిమిషాలు ఆగగలిగాను. మూడో నిమిషంలో మొత్తం చెప్పేశాను, కాస్త గట్టిగానే చెప్పాను. ఆయన చేతికర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు.

"బండి ఎప్పుడొస్తంది?"

"ఆదివారం."

"ఊఁ" అన్నాడు. అంతే.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చున్నాక నా తెలివితేటలు నాకు తెలిశాయి. ఈయన ఆదివారం కల్లానికి వస్తే? వస్తే అత్త లేవదా? ఫోనులో బొమ్మను చూసి లేచిన మనిషి, ఎదురుగా వస్తే లేవకుండా ఉంటుందా? ఈసారి కాయల మీదకు పోతే ఆమెకు ఇంకో అవకాశం ఉండదు. ఆ సామెతకు కొత్తగా ప్రాణం పోసేది నేనే అవుతాను. అత్తకు మాత్రం చెప్పే ధైర్యం లేకపోయింది.

ఆదివారం బయల్దేరాం. కల్లం దాకా పోవడం షరతు లెక్కలోకి రాదని అత్తే తేల్చింది కాబట్టి నేను నడిపాను, పక్కన అత్త, వెనక మేస్త్రీ ముక్కుకు తువ్వాలు కట్టుకుని. నకరికల్లు దాటాక టీ కొట్టు దగ్గర నీళ్లు పోయడానికి ఆపితే, చుట్టూ మూగి ఫొటోలు తీసుకున్నారు. ఒకాయన బానెట్టును నిమిరి, "మా పెళ్లికి ఇట్టాంటి దాంట్లోనే ఊరేగాం" అని మా ముగ్గురికీ టీ ఇప్పించాడు.

కల్లం ఎర్రగా పరుచుకుని ఉంది. ఒక పక్కన ఆడకూలీలు వరసగా కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. కాయలకూ గట్టుకూ మధ్య కారు పట్టేంత దారి, ఇంకో మూరెడు ఎక్కువ, అంతే. పెద్ద మావయ్య భోంచేసి పడుకునే వేళ చూసి అత్త ఈ సమయం పెట్టుకుంది. చెప్పులు విప్పింది, కొంగు దోపింది, స్టీరింగుకు దణ్ణం పెట్టుకుంది. పక్క సీట్లోకి మారిన నేను ఎక్కడ తుమ్ముతానో అని ఊపిరి బిగబట్టాను. మేస్త్రీ దిగి దూరంగా నిలబడ్డాడు.

కారు కదిలింది. తొట్రుపాటు లేదు, కుదుపు లేదు. కూలీలు చేతుల్లో కాయలు అలాగే పట్టుకుని చూస్తున్నారు. మొదటి మలుపు తిరిగింది. రెండో మలుపూ తిరిగింది. అత్త పెదాలు లోపలికి మడిచి, చిన్నపిల్ల ముగ్గు గీత గీస్తున్నంత శ్రద్ధగా నడుపుతోంది. అంతలో గట్టు మీద తెల్ల పంచె కనపడింది.

పెద్ద మావయ్య చేతికర్ర పట్టుకుని, మనవడి భుజం మీద చెయ్యేసి కల్లంలోకి దిగుతున్నాడు.

అత్త చూసింది. స్టీరింగు మీద ఆమె వేళ్లు బిగిశాయి. వీపు సీటు నుంచి విడివడింది. ఎడమ పక్కన జానెడు దూరంలో కాయలు. "అత్తా" అన్నాను. కూలీల్లో ఒకామె పరుగెత్తి ఆయన కోసం నులకమంచం వాల్చింది. ఆయన దాని వైపు చూడను కూడా లేదు. మనవడి భుజం వదిలేసి, కర్ర నేల మీద గట్టిగా ఆనించి, మా కారుకు ఎదురుగా నిటారుగా నిలబడ్డాడు.

"కూర్చోమ్మా, కూర్చో" అని కేకేశాడు. "నేను నిలబడతన్నాగా."

అత్త వీపు మళ్లీ సీటుకు ఆనింది. కారు మూడో మలుపు తిరిగింది. నాలుగోదీ తిరిగింది. బయల్దేరిన చోటికే వచ్చి, బ్రేకు పడి, ఆగింది. ఒక్క కాయ నలగలేదు. కూలీలు ఈలలు వేశారు. మేస్త్రీ తువ్వాలు గాల్లోకి ఎగరేశాడు. నేను ఏడుస్తున్నానని నాకు అప్పుడు తెలిసింది, అది కారం వల్ల కాదు. ఆ పెద్దమనిషి మాత్రం రౌండు మొత్తం అయ్యేదాకా ఎండలో అలాగే నిలబడి ఉన్నాడు.

అత్త నా వైపు తిరిగి, "ఎండన నిలబడ్డారు, ఎక్కమను" అంది. అలవాటు ప్రకారం నాతోనే అంది. నేను కావాలనే పలక్కుండా కూర్చున్నాను. ఆమె నన్ను మోచేత్తో పొడిచింది. తర్వాత తనే అద్దం పూర్తిగా దించి, తల బయట పెట్టింది.

"ఎక్కండి బావగారూ."

ఆయన వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. మేం మార్చకుండా ఉంచేసిన సీటు అది. అత్త క్లచ్చి తొక్కి గేరు వేయబోయింది. వెనక నుంచి కల్లమంతా వినపడేట్టు పెద్ద తుమ్ము.

అత్త ఇంజను కట్టేసింది.

"తుమ్మారు. కాసేపు కూర్చుని బయల్దేరదాం."

"అట్టాగేనమ్మా, కూర్చుందాం" అన్నాడాయన.

నేను మంచినీళ్ల కోసం దిగి వెళ్లాను. చెంబుతో తిరిగొచ్చేసరికి ఇద్దరూ అలాగే కూర్చుని ఉన్నారు.